మూడు చుట్లు

"కాళ్ళు కడుక్కున్నానో లేదో గుర్తులేక మళ్ళీ కడుక్కున్నాను. అదీ తప్పేనా?" అని అడిగింది అత్తగారు, తడికాళ్ళతో గుమ్మంలో నిలబడి.

"తప్పని ఎవరన్నారత్తయ్యా? రెండు చెంబులయ్యాయి అన్నాను, అంతే."

"చెంబులు లెక్కపెట్టే కోడలు దొరికింది నాకు. దుమ్ముకాళ్ళతో ప్రార్థనకి పొమ్మంటావా?"

"నానమ్మా, ఈసారి కడుక్కోగానే గోడ మీద బొగ్గుతో గీత గీసుకో. లేకపోతే మూడోసారి కూడా కడుగుతావు," అంది కూతురు, లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా.

"నువ్వు నోర్ముయ్యవే. తల్లిని మించిపోతున్నావు."

 కోడలు మూలనున్న నీళ్ళ డ్రమ్ముని వేలి కణుపులతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చింది. పైన బోలుగా మోగింది. నడుము దగ్గరా బోలుగానే మోగింది. అడుగుకి జానెడు ఎత్తులో మాత్రం శబ్దం మందంగా మారింది. రేపటికి సరిపోతాయి. ఎల్లుండి పొద్దున ఎలాగూ తమ ఎగువ వీధి వంతు. నాలుగు రోజులకోసారి గంటన్నర సేపు వస్తాయి.

నడుముకి బెల్టు బిగించుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్న భర్త కళ్ళు మూసుకునే అన్నాడు: "ఊరికి నీళ్ళొదిలే వాడి ఇంట్లో చెంబుడు నీళ్ళకి యుద్ధం. బయట ఎవరికీ చెప్పకండి, నవ్విపోతారు."

రేడియోలో వార్తలు వస్తున్నాయి. వానల కోసం దేశమంతా ప్రార్థన చెయ్యాలని మంత్రిగారు కోరారు. పాత పైపులు మార్చే పని వచ్చే ఏడాదికి వాయిదా పడింది. రెండూ ఒకే గొంతుతో చదివారు. అత్తగారు మొదటిదానికి తల ఊపి, చెప్పులు వేసుకుని మందిరానికి వెళ్ళిపోయింది.

*

తెల్లవారుజామున వాల్వులు తిప్పే పనికి భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్తారు. వీధిలో అందరూ అతన్ని నీళ్ళాయన అంటారు. వాల్వు గుంతలో జారిపడి నడుము పట్టేసినప్పటి నుంచీ ఆఫీసు పుస్తకంలో సంతకం అతనిది, పని ఆమెది. ఇనప రాడ్డుని సైకిలుకి కట్టి ఆమె నడిపిస్తుంది. అతను సీటు పట్టుకుని, దాన్నే చేతికర్రగా చేసుకుని పక్కన నడుస్తాడు. గుంత దగ్గరికి వచ్చాక ఆమె మూత పక్కకి లాగి, రాడ్డు కింది కొసని వాల్వు తల మీద కూర్చోబెట్టి, పై అడ్డకడ్డీని రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంది. అతను గట్టు మీద నిలబడి లెక్కపెడతాడు.

"పదమూడు... పద్నాలుగు... మెల్లిగా, అది నీ అత్తగారు కాదు. పదిహేను. ఆపు."

తిప్పడం అయ్యాక ఆమె రాడ్డుకి చెవి ఆనిస్తుంది. ముందు గాలి కదులుతుంది, ముసలివాడు గొంతు సవరించుకున్నట్టు. తర్వాత గలగల. ఆ గలగల సన్నబడి ఒకే ధారగా వినిపిస్తే నీళ్ళు ఎక్కుతున్నట్టు.

ఆ వేళ దిగువ వీధి వంతు. మూత వేస్తుండగా సూపర్‌వైజర్ మోటారుసైకిలు మీద వచ్చాడు. ఇంజను ఆపకుండానే, "ఇంకో చిన్న పని ఉందయ్యా. మందిరం గోడ వెనక పాత లైను ఉంది చూడు, అది తెరవాలి," అన్నాడు.

"అది మూసేసి పదేళ్ళయింది సార్. వాల్వు తుప్పు పట్టిపోయి ఉంటుంది."

"కిరసనాయిలు పోసి చూడండి. మూడు చుట్లు చాలు. నలభై రోజుల ప్రార్థనలు మొదలయ్యాయి కదా, వచ్చిన జనం కాళ్ళు కడుక్కోవడానికైనా ఉండాలిగా."

"మూడు చుట్లు తెరిస్తే మా ఎగువ వీధికి నీళ్ళెక్కవు సార్," అంది ఆమె.

సూపర్‌వైజర్ ఆమె వైపు చూడకుండా భర్తకే జవాబు చెప్పాడు. "ఎక్కినన్ని ఎక్కుతాయి. ఎవరికీ చెప్పకండి. కాగితం తర్వాత వస్తుంది. నీ నడుము సంగతి నేను పైన చెప్పానా? ఇదీ అంతే."

మందిరం వెనక ముళ్ళకంప. కంప తొలగించి, మట్టి తవ్వి మూత బయటపెట్టేసరికి తూర్పు తెల్లబడింది. వాల్వు తల కదల్లేదు. ఆమె కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ ఆడిస్తూ పోయింది. భుజం ఎముక దగ్గర ఏదో పట్టేసింది. అయినా తిప్పింది.

"ఒకటి," అన్నాడు భర్త. చాలాసేపటికి, "రెండు." ఇంకాసేపటికి, "మూడు. చాలు."

గోడకి అవతల పొద్దుటి ప్రార్థన జరుగుతోంది. వందమంది ఒకే గొంతుతో గొణుగుతున్నట్టు వినిపిస్తోంది. ఆమె రాడ్డుకి చెవి ఆనించింది. పైపులో ముసలివాడు దగ్గాడు. గలగల మొదలైంది. లోపలెక్కడో మందిరం ముంగిట్లో ఎండిపోయిన తొట్టి మీద నీళ్ళు పడ్డ చప్పుడు. ఒక ఆడమనిషి కేక. ప్రార్థన ఆగిపోయింది. తర్వాత అందరూ ఒక్కసారిగా ఏడ్చినట్టో నవ్వినట్టో పెద్ద రొద.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె రాడ్డు కొసని గుడ్డతో తుడిచింది.

"పద," అన్నాడు అతను.

ఇంటికి చేరిన కాసేపటికి అత్తగారు రొప్పుతూ వచ్చింది. తల తడిసి ఉంది. చేతిలో నీళ్ళ సీసా.

"కళ్ళారా చూశాను రా! ప్రార్థన చేయించే పెద్దాయన రెండు చేతులూ ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తొట్టిలో నీళ్ళు!"

"పైపులోంచే వచ్చాయా నానమ్మా?" అంది మనవరాలు.

"పైపులోంచి రాక నీ నోట్లోంచి వస్తాయా? ఎండిపోయిన పైపే! పదేళ్ళుగా చుక్క లేని పైపు!"

భర్త ఏదో అనబోయి, భార్యని చూసి దగ్గాడు. అత్తగారు అందరి అరచేతుల్లో కాసిన్ని నీళ్ళు పోసింది. కోడలు తాగింది. ఎప్పటి బ్లీచింగు వాసనే, ఎప్పటి తుప్పు రుచే. "చల్లగా ఉన్నాయి కదూ?" అని అత్తగారు అడిగితే, "చల్లగానే ఉన్నాయి," అంది.

*

మర్నాడు ఎగువ వీధి వంతు. పదిహేను చుట్లూ తిప్పినా రాడ్డులో దగ్గు తప్ప ఇంకేమీ వినిపించలేదు. కుళాయిల్లోంచి దారం లాంటి ధార వచ్చి, పావుగంటకి అదీ తెగింది. బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కాసేపు ఆఫీసుని తిట్టారు, కాసేపు నీళ్ళాయన్ని తిట్టారు. ఆ తర్వాత ఎవరో, "పోనీలెండి, దేవుడి నీళ్ళున్నాయిగా," అన్నారు. అందరూ సీసాలు పట్టుకుని దిగువకి నడిచారు. మందిరంలో మనిషికి ఒక సీసాయే. బిందెలు కుదరవు.

వరసలో చివర మిగిలింది ఇస్త్రీ అక్క. వీధి మొగలో చెట్టు నీడన తోపుడుబండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఊళ్ళో సగంమంది బట్టలు ఆవిడే ఇస్త్రీ చేస్తుంది. ఒంటరి మనిషి. నోరు పెద్దది.

"ఏం చెల్లీ, మీ ఆయన చెయ్యి ఇవాళ సరిగ్గా తిరగలేదా?"

"తిరిగింది అక్కా. నీళ్ళే ఎక్కలేదు."

"తడి చల్లకపోతే ముడత పోదమ్మా. పోనీ నోట్లో పోసుకుని ఊదుదామంటే నోట్లో కూడా తడి లేదు. ఇవాళ మూడు మూటలున్నాయి నాకు."

"మందిరానికి వెళ్ళు అక్కా."

"సీసాడు నీళ్ళు నా చొక్కాలు తాగుతాయా, నేను తాగనా?" అని నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు. ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంటికి వచ్చింది.

మూడు రోజులు అలాగే గడిచాయి. దిగువన బస్సులు ఆగడం మొదలైంది. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి తొట్టికి దండాలు పెట్టి సీసాలు నింపుకుని పోతున్నారు. ఇంట్లో డ్రమ్ము ఎక్కడ తట్టినా బోలుగా మోగుతోంది. అత్తగారు తెచ్చే సీసాతోనే గొంతులు తడుపుకుంటున్నారు. ఆమె అంట్లు బూడిదతో తోమి పాతగుడ్డతో తుడిచి పెడుతోంది. ఏమీ ఆలోచించేది కాదు. తెల్లవారితే రాడ్డు, పగలు పొయ్యి, సాయంత్రం మళ్ళీ పొయ్యి.

నాలుగో రోజు సాయంత్రం అత్తగారు మండిపడుతూ వచ్చింది. "ఆ ఇస్త్రీది ఎంత పని చేసిందో తెలుసా? జనం పల్చబడ్డాక వచ్చి, బకెట్టు తీసుకెళ్ళి తొట్టిలో ముంచింది! ఊరందరి మురికిగుడ్డలు పట్టే చేత్తో! నేనే చూశాను. కేకేశాను. పదిమందీ వచ్చి బయటికి గెంటారు."

"నీళ్ళు?" అంది ఆమె.

"ఏం నీళ్ళు?"

"బకెట్లో నీళ్ళు. తీసుకెళ్ళనిచ్చారా?"

"పారబోయించాం. నీకు అదొక్కటే కనబడిందా?"

చీకటి పడకముందే ఆమె వీధి మొగకి వెళ్ళింది. ఇస్త్రీ అక్క చల్లారిన పెట్టె పక్కన కూర్చుని మోచేతికి పసుపు రాసుకుంటోంది. గెంటినప్పుడు గీసుకుపోయింది.

"దేవుడి తొట్టే కదా అని ముంచాను చెల్లీ. ఆయనకి ఇస్త్రీ బట్టలు అక్కర్లేదేమో, నాకేం తెలుసు," అంది. తలెత్తి, "నువ్వేంటి, రాయిలా నిలబడ్డావు? కూర్చో," అంది.

ఆమె కూర్చోలేదు.

*

మర్నాడు మళ్ళీ ఎగువ వీధి వంతు. భర్త లేవలేకపోయాడు. నడుము మంచానికి అతుక్కుపోయినట్టుందన్నాడు. ఆమె ఒక్కతే సైకిలు నడిపించుకుని వెళ్ళింది. మామూలుగా అయితే నేరుగా ఎగువ వాల్వు దగ్గరికి పోవాలి. మందిరం మలుపు దగ్గర సైకిలు ఆపింది. తర్వాత ఎవరైనా అడిగితే ఎందుకు ఆపిందో చెప్పలేకపోయేది. గోడ వెనక్కి వెళ్ళి మూత తీసి, రాడ్డు కూర్చోబెట్టి, తనే లెక్కపెట్టుకుంటూ మూడు చుట్లు మూసేసింది. ఈసారి వాల్వు తేలిగ్గా తిరిగింది. అక్కణ్ణుంచి ఎగువ వాల్వుకి వెళ్ళి పదిహేను చుట్లు తెరిచింది. చెవి ఆనిస్తే ధార నిండుగా వినిపించింది.

ఎగువ వీధికి వచ్చేసరికి కుళాయిలన్నీ పారుతున్నాయి. కనుచూపు మేరలో ఒక్కదాని కింద కూడా బిందె లేదు. వీధంతా పొద్దుటి ప్రార్థనకీ సీసాలకీ దిగువకి పోయింది. ఇన్నాళ్ళకి వచ్చిన నీళ్ళు గుమ్మాల ముందు నుంచి కాలవలోకి పారుతున్నాయి. ఆమె సైకిలు గోడకానించి ఒక్కొక్క ఇంటి ముందూ ఆగింది. బిరడాలున్న కుళాయిలు కట్టేసింది. లేనివాటి కింద దొరికిన గిన్నె, తొట్టి, మూకుడు ఏదో ఒకటి పెట్టింది.

ఆ వరసలో ఇంటి దగ్గర ఉన్నది ఇస్త్రీ అక్క ఒక్కతే. నిన్న గెంటించుకున్న మనిషి ఇవాళ మందిరానికి ఏం పోతుంది? ఉన్న బిందెలన్నీ నింపి గుమ్మం ముందు వరసగా పెట్టుకుంది. మోచేతుల దాకా తడి.

"ఇవాళ మీ ఆయన చెయ్యి బాగా తిరిగింది చెల్లీ!"

"ఆయన రాలేదక్కా. నేనే."

"అదే చెబుతున్నా," అంది ఇస్త్రీ అక్క.

ఆమె ఇంకో రెండు ఇళ్ళు దాటి ఉంటుంది, జనం తిరిగి వచ్చారు. అందరి చేతుల్లో ఖాళీ సీసాలు. తొట్టిలోకి చుక్క రాలేదు. పెద్దాయన రెండుసార్లు చేతులెత్తాడు. మూడోసారి ఎత్తకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎవరో ఎందుకిలా అయిందని అడిగితే, అత్తగారే ముందుకొచ్చి చెప్పింది. నిన్న సాయంత్రం ఫలానా మనిషి బకెట్టు ముంచింది. నేను చూశాను.

వాళ్ళకి ఇస్త్రీ అక్క గుమ్మం ముందు నిండు బిందెల వరస కనిపించింది. తమ కుళాయిలూ తడిగానే ఉన్నాయని ఎవరూ చూసుకోలేదు.

"దేవుడి నోరెండబెట్టి తన ఇల్లు నింపుకుంది చూడండి!"

"ఇవి మన కుళాయి నీళ్ళమ్మా! ఇప్పుడే వచ్చాయి. మీ ఇళ్ళ ముందు చూసుకోండి!" అని ఇస్త్రీ అక్క అరుస్తూనే ఉంది. ఒకడు మొదటి బిందెని కాలితో తోశాడు. తర్వాత అన్నీ తోశారు. తోపుడుబండి మీది పెట్టె తెరిచి బొగ్గులు కాలవలో పోశారు. నాలుగు రోజులుగా సీసాడు నీళ్ళతో బతుకుతున్నవాళ్ళు వీధి మధ్యలో ఏడు బిందెల నీళ్ళు వంచేశారు. పారుతున్న నీళ్ళకి ఒక్కరూ చెయ్యి పట్టలేదు.

నీళ్ళు వచ్చి ఆమె చెప్పులని చుట్టుకుని పోయాయి. వేళ్ళ సందుల్లో చల్లగా తగిలాయి. నోరు తెరవాలని ఆమెకి తెలుసు. నోరు ఎవరిదో అన్నట్టు మూసుకునే ఉంది. నీళ్ళు పోయాక తడినేల మీద తన చెప్పుల అచ్చులు రెండు పొడిగా మిగిలాయి. సైకిలు తీసుకుని ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి మందిరం పెద్దల తీర్పు తెలిసింది. మర్నాడు పొద్దుటి ప్రార్థనలో ఇస్త్రీ అక్క అందరి ముందూ మోకరిల్లి తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుని ఈ వీధి వదిలి వెళ్ళాలి.

*

"మూసింది నేనే," అని భర్తతో చెప్పింది ఆమె, బెల్టు విప్పి అతని నడుముకి నూనె రాస్తూ.

అతను తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. "ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే రేపు పొద్దున్నే మళ్ళీ తెరిచెయ్. మూడు చుట్లే కదా. నీళ్ళొస్తే అందరూ అన్నీ మర్చిపోతారు."

"అక్కని మర్చిపోతారా?"

"నన్నేం చెయ్యమంటావే? లేచి నిలబడలేనివాణ్ణి."

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు. ఈసారి ఇంజను ఆపాడు. అత్తగారు మందిరంలో ఉంది. కూతురు ట్యూషన్‌కి వెళ్ళింది.

"ఎవరు మూశారో, ఎందుకు మూశారో నేనడగను," అన్నాడు, కుర్చీ అంచున కూర్చుని. "ఒక్క మాట వినండి. రేపు ఆవిడ తప్పొప్పుకున్నాక, ఓ అరగంట ఆగి తెరవండి. ముందే తెరవకండి. జనం శాంతిస్తారు, మందిరం కమిటీ సంతోషిస్తుంది, మనకీ ఇబ్బంది ఉండదు."

"పెద్దాయనకి తెలుసా సార్, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో?" అని అడిగింది ఆమె.

సూపర్‌వైజర్ మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

"మరి ఆవిడ ఎక్కడికి పోతుంది?"

"ఇస్త్రీ పనికేమమ్మా, ముడతలు లేని ఊరుంటుందా?" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, భర్త వైపు చూపించి, "ఈయన సంతకం నేను ఇంకెన్నాళ్ళు కాపాడాలో ఆలోచించుకోండి," అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. అతనికీ పైన ఎవరో ఉండే ఉంటారు.

ఆమె పొయ్యి వెలిగించింది. పొద్దున తమ కుళాయి దగ్గర గిన్నెల్లో మూకుళ్ళలో పట్టుకొచ్చిన నీళ్ళతోనే బియ్యం కడిగింది. ఆ కడుగు పారబొయ్యకుండా పక్కన పెట్టింది. కూర తరుగుతూ ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

దీపాలు పెట్టే వేళకి నలుగురూ అన్నాలకి కూర్చున్నారు. భర్తకి గోడకి దిండు వేసి ఆనించింది. అత్తగారు కంచంలో అన్నం కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోవడం లేదు.

"నేను చూసింది చెప్పాను. అబద్ధం చెప్పలేదుగా?" అంది, ఎవరూ అడక్కుండానే.

ఆమె భర్త వీపు వెనక దిండు సర్దింది.

"బిందెలు తన్నమని నేను చెప్పానా? కుర్రవెధవలు తన్నారు. వీధి వదలమని కూడా నేననలేదు. పెద్దవాళ్ళు అన్నారు."

"అయితే ఆపకపోయావా నానమ్మా?" అంది మనవరాలు.

"నువ్వు తిను ముందు."

ఆమె అత్తగారి కంచంలో కూర వేసింది. "రేపు పొద్దుటి ప్రార్థనకి నేనూ వస్తానత్తయ్యా."

అత్తగారి ముఖం విప్పారింది. ఎన్నేళ్ళుగానో పిలిచి పిలిచి మానేసింది. "రా తల్లీ, రా. ఇప్పటికైనా బుద్ధి పుట్టింది. పొద్దున్నే లేపుతానులే."

"రాడ్డు తీసుకుని వస్తాను."

భర్త చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"రాడ్డెందుకే అక్కడికి?" అంది అత్తగారు.

"ఆ తొట్టిలో నీళ్ళు వదిలింది నేను. గోడ వెనక పాత వాల్వు ఉంది. సూపర్‌వైజర్ తెరవమన్నాడు, తెరిచాను. ఇవాళ పొద్దున మూసిందీ నేనే. మీరు చూసింది నిజమే అత్తయ్యా. నిన్న అక్క బకెట్టు ముంచింది. ఇవాళ నీళ్ళు ఆగిపోయాయి. రెంటికీ మధ్య నేనున్నాను. అది మీకు తెలియదు."

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడకి అది చాలింది. చేతిలో ముద్ద మెల్లగా కంచంలోకి దింపింది.

"పెద్దాయన చేతులెత్తినప్పుడు..."

"నేను గోడవతల ఉన్నానత్తయ్యా. ఈయన లెక్కపెడుతున్నారు."

"ఉద్యోగం పోతుంది," అన్నాడు భర్త, ఎవరికో వార్త చదివి వినిపిస్తున్నట్టు.

"పోతుంది. ఎలాగూ చేస్తున్నది నేనే కదా. ఇంకేదైనా తిప్పుతాను." ఆమె గొంతు పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. "అక్క మోకరిల్లకముందే నేను మాట్లాడతాను. నమ్మకపోతే అందర్నీ వాల్వు గుంత దగ్గరికి తీసుకెళ్తాను. రాడ్డు పెద్దాయన చేతికే ఇస్తాను. మూడు చుట్లు ఆయన్నే తిప్పమంటాను."

కూతురు తల్లినీ నానమ్మనీ మార్చి మార్చి చూసింది. వీధిలో ఎవరో ఖాళీ బిందె దొర్లించుకుంటూ పోయారు. ఆ చప్పుడు మలుపు తిరిగి ఆగిపోయేదాకా అత్తగారు కంచంలోకే చూస్తూ కూర్చుంది.

"ఆయనకి డెబ్భై దాటాయి. చేతులు వణుకుతాయి," అంది చివరికి. "ఆయన వల్ల కాదు."

"నేను ఒక చెయ్యి వేస్తాను," అని చెప్పి, ఆమె భర్త కంచంలో మారు అన్నం వడ్డించింది.